లాభం అందరిదీ, ఖర్చు ఒక్కరిదీ

హోమ్‌స్కూలింగ్ గురించి ఎవరు మాట్లాడినా పిల్లల గురించే మాట్లాడతారు. మార్కులేమవుతాయి, స్నేహితులెలా దొరుకుతారు, రేపు కాలేజీలో నెగ్గుకొస్తారా అని. ప్రభుత్వాల గొడవా అదే. అమెరికాలో 1993కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమైంది, జర్మనీలో బడికి పంపకపోతే ఇప్పటికీ జరిమానా వేస్తారు. ఇన్ని వాదనల్లో ఆ చదువు చెప్పే మనిషి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. నాకు తెలిసిన ఇళ్లన్నిటిలోనూ ఆ మనిషి అమ్మే.

నేనూ అంతే. ఉద్యోగం మానేసి ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాను. మా ఆయన సాయంత్రం వచ్చి కాసేపు సైన్సు చెబితే చుట్టాలందరూ మురిసిపోతారు. పొద్దున్నుంచీ భాగహారాలతో కుస్తీ పట్టిన నా గురించి ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే అది నా డ్యూటీ.

జీతం పోవడం అందరికీ కనబడే నష్టం. దానికి ముందే సిద్ధపడతాం, ఖర్చులు తగ్గించుకుంటాం, అయిపోతుంది. అసలు పోయేది నాకంటూ ఉండే సమయం. టీచరుకి బడి అయ్యాక ఇల్లుంటుంది, నాకు కనీసం స్టాఫ్‌రూమ్ కూడా లేదు. లెక్కల దగ్గర అరిచిన గొంతుతోనే రాత్రి కథ చెప్పాలి, అప్పటికీ పిల్ల అలక తీరి ఉండదు. జ్వరమొస్తే సెలవు చీటీ ఎవరికివ్వాలి? అన్నిటికంటే బరువైనది ఇంకోటుంది. బడిలో పిల్లాడు వెనకబడితే తిట్టుకోవడానికి టీచరుంటుంది, సిలబస్ ఉంటుంది. ఇక్కడ వాడికి చదవడం కాస్త ఆలస్యమైతే వేళ్లన్నీ నావైపే, నా వేలుతో సహా.

ఇంట్లో చదివించే మావాళ్లు తరచూ చెప్పే పేరు బెంజమిన్ బ్లూమ్, అమెరికాలో విద్యా పరిశోధకుడు. ఒక్కొక్కరికీ విడిగా పాఠం చెబితే, సగటు విద్యార్థి కూడా మామూలు క్లాసులోని 98 శాతం మందిని దాటేశాడని 1984లో రాశాడాయన. తర్వాతి పరిశోధనల్లో అంత తేడా కనబడలేదు గానీ లాభం మాత్రం నిజమే. ఎవరూ చెప్పని వివరం ఏంటంటే, ఆ ప్రయోగాలు మూడేసి వారాల్లో ముగిశాయి. ఆ ట్యూటర్లెవరూ పిల్లలకి స్నానాలు చేయించలేదు, వాళ్ల తగువులు తీర్చలేదు. మూడు వారాలైతే నేనూ అద్భుతంగా చెబుతాను!

మరి ఎందుకు మానలేదంటారా? 6ని 1/2తో భాగిస్తే 12 ఎందుకొస్తుందో చెప్పండి. నాకు బడిలో "తిరగేసి గుణించు" అన్నారు. తిరగేశాను, మార్కులొచ్చాయి. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "భాగిస్తే తగ్గాలి కదమ్మా, పెరిగిందేంటి?" అని పట్టుబట్టింది. కాగితాలు తీసుకుని సగాలుగా చించాం. 6 కాగితాల్లో ఎన్ని సగాలున్నాయన్నదే కదా ప్రశ్న! దాని కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను, ఇన్నేళ్లు ఎవరూ చెప్పలేదే అని. క్లాసులో అయితే ఈపాటికి గంట కొట్టేసేవారు. మేం మధ్యాహ్నమంతా మూడోవంతులూ పావులూ చించుతూనే ఉన్నాం, తమ్ముడు ఆ ముక్కలు పోగేసుకుంటూ మా మధ్యే కూర్చున్నాడు. అర్థం కానిది అర్థం కాలేదని బెరుకు లేకుండా చెప్పే పిల్లలు మా ఇంట్లో ఉన్నారు. ఆ వయసులో నాకు ఆ ధైర్యం లేదు. ఏ జీతంతో పోల్చుకోను దీన్ని?

అయితే ఈ సంతోషంలో ఇంటిల్లిపాదికీ వాటా ఉంది, పైన రాసిన ఖర్చులో మాత్రం ఎవరికీ లేదు. నా కోపమంతా అక్కడే. అందుకే కొత్తగా మొదలుపెడదామనుకునే జంటలు నన్ను ఏ సిలబస్ మంచిదని అడిగితే చిరాకేస్తుంది. వారంలో ఏ పూట ఆమె ఇంట్లోంచి బయటపడుతుంది? ఆ పూట లెక్కల పుస్తకం పట్టుకునేదెవరు? ఆమె పేరు మీద నెలనెలా ఎంత దాస్తారు? ముందు ఇవి తేల్చుకోండి, పుస్తకాల సంగతి తర్వాత.

మా ఇంట్లో ఇప్పుడు శనివారం మొత్తం ఆయనదే. మొదట్లో కసాగు ఎలా చెప్పాలో అడగడానికి నాకు ఫోన్ల మీద ఫోన్లు చేసేవాడు. ఇప్పుడు చేయట్లేదు. పైగా నాన్న పద్ధతే బాగుందంటున్నారు పిల్లలు. దానికీ కాస్త మంటగానే ఉంది నాకు.