దురదే కదా అని తీసిపారేయకండి

నడుం మీదో తొడ మీదో ఎర్రటి మచ్చ, పైన సన్నగా పొట్టు, ఒకటే దురద. మన గోదావరి జిల్లాల్లో ఇది చూడగానే తామర అనేస్తారు, ఊడ్పులైనా రొయ్యల చెరువైనా రోజంతా నీళ్ళల్లో నానే పనే కాబట్టి అనుమానం అటే పోద్ది, చాలామందికి అది తామరే కూడా. కానీ కొద్దిమందికి మాత్రం అది చర్మానికొచ్చే టీ సెల్ లింఫోమా, అంటే ఒంటిని కాపాడాల్సిన టీ కణాలే అదుపు తప్పి చర్మంలో చేరి పెరిగే క్యాన్సర్. ఇందులో ఎక్కువ కనపడేది మైకోసిస్ ఫంగోయిడిస్. దీని గురించి 1806లోనే పారిస్‌లో అలిబెర్ అనే డాక్టరు రాశాడు, అయినా ఇప్పటికీ ఇది ఫలానా అని తేలడానికి ఒక్కోసారి ఏళ్ళు పడుతోంది, ఒకసారి ముక్క తీసి టెస్టుకి పంపితే బయటపడకపోవచ్చు, మళ్ళీ తీయాల్సొస్తుంది.

ఈలోపు మెడికల్ షాపు ట్యూబులు. స్టెరాయిడూ ఫంగస్ మందూ కలిపి కొట్టినవి, రాస్తే నాలుగు రోజులు చల్లబడుద్ది, మానేస్తే మళ్ళీ మొదలు, పైగా అసలు జబ్బు ఆనవాలు కూడా చెరిగిపోద్ది. చీటీ లేకుండా స్టెరాయిడ్ క్రీములు అమ్మొద్దని 2018లోనే రూల్ వచ్చింది, కౌంటర్ దగ్గర ఆ రూల్ ఎవరికి గుర్తుంటుందో మాకైతే తెలీదు.

మచ్చల దశలోనే దొరికితే చాలామంది దాదాపు మామూలు ఆయుష్షే బతుకుతారు. బతుకుతారు సరే, ఎలా బతుకుతున్నారని ఎవరడుగుతున్నారు? మే నెల ఉక్కపోతలో కరెంటు పోయిన రాత్రి రెండింటికి లేచి మంచం పట్టీకి వీపు రాసుకునే మనిషికి పొద్దున్నే పనికెళ్ళే ఓపిక ఎక్కడుంటుంది, దుప్పటి దులిపితే రాలే పొట్టు చూసి ఇంట్లోవాళ్ళే పక్క వేరుగా వేస్తారు, గ్లాసు కూడా వేరు పెడతారు. ఇది అంటుకునే జబ్బు కాదండి బాబూ, ఈ ఒక్క ముక్క ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి డాక్టరు చెప్తే సగం బాధ అక్కడే పోద్ది.

1994లో బ్రిటన్‌లో కార్డిఫ్ డాక్టర్లు పది ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేశారు, చర్మం జబ్బుల వాళ్ళని దురద ఎంతుంది, సిగ్గుపడుతున్నారా, బట్టలు మార్చుకోవాల్సొచ్చిందా, భార్యాభర్తల మధ్య ఇబ్బందొచ్చిందా అని అడుగుతారు. రెండు మూడు నిమిషాల పని, ఓపీలో కూర్చున్నవాళ్ళకి ఇవ్వొచ్చు. అందులో పదో ప్రశ్న, వైద్యమే మీకు ఎంత ఇబ్బంది పెడుతోంది అని. మన దగ్గర అసలు కష్టం అక్కడుంది.

ఎందుకంటే తొలిదశలో బాగా పనిచేసే వాటిల్లో లైట్ ట్రీట్‌మెంట్ ఒకటి, పెట్టెలాంటి దాంట్లో నిలబెట్టి ఒంటికి అల్ట్రావయొలెట్ వెలుతురు పట్టిస్తారు. లోపల ఉండేది కొద్ది నిమిషాలే, కానీ వారానికి రెండు మూడుసార్లు, అదీ నెలల తరబడి వెళ్ళాలి. అమలాపురం అవతల నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక, యానాం మీదుగా కాకినాడ వెళ్ళి రావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే, ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయినా కూలి ఎవరిస్తారు. నాలుగు వారాలు తిరిగి మానేస్తే మొండితనం అనడం మాకు న్యాయంగా తోచట్లేదు. ఆ పెట్టెకి కావాల్సింది ఓ గది, కరెంటు, నేర్చుకున్న ఓ మనిషి, డోసు చూసే చర్మం డాక్టరు. అమలాపురం, నరసాపురం వైపు జనం ఊరు దాటి అంతదూరం పోకుండా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రుల్లోనే పెట్టించండి, సోరియాసిస్, బొల్లి ఉన్నవాళ్ళకి కూడా అదే పెట్టె పనికొస్తుంది కాబట్టి ఖాళీగా ఉంటుందన్న భయం అక్కర్లేదు.