సవరణ: స్నాప్‌షాట్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు

వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటరు లోపల మరో కంప్యూటరును, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్) లినక్స్ నడపడం గురించి రాసిన టపాలో "స్నాప్‌షాట్ తీసుకున్నాక ఏ ప్రయోగమైనా ధైర్యంగా చేయవచ్చు" అన్న వాక్యం ఉంది. స్నాప్‌షాట్ అంటే మెషీన్ అప్పటి స్థితిని దాచిపెట్టి, తర్వాత దానికే తిరిగి వెళ్లే వీలు. ఆ ధైర్యం వర్చువల్ మెషీన్ లోపల చేసే ప్రయోగాలకే వర్తిస్తుంది.

స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి మెషీన్ అసలు డిస్కు ఫైలులో రాయడం ఆగిపోతుంది. కొత్త మార్పులన్నీ మరో ఫైలులో చేరతాయి. ఆ రెండో ఫైలు ఒంటరిగా దేనికీ పనికిరాదు, మొదటిది ఉండాల్సిందే. లాప్‌టాప్ డిస్కు చెడిపోతే రెండూ కలిసే పోతాయి. చోటు మిగులుతుందని పాత వీడీఐ ఫైలును, అంటే ఆ అసలు డిస్కు ఫైలును, ఫోల్డరులోంచి నేరుగా చెరిపేసినా (ఈ ఆశ చాలామందికి పుడుతుంది) మెషీన్ ఇక తెరుచుకోదు. అక్కర్లేని స్నాప్‌షాట్‌ను వర్చువల్‌బాక్స్‌లోని డిలీట్‌తోనే తీసేయాలి. అప్పుడు ఫైళ్లు విలీనమయ్యేందుకు తాత్కాలికంగా అదనపు ఖాళీ కావాలి, కాబట్టి డిస్కు నిండేదాకా ఆగకండి.

బ్యాకప్ కోసం మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, దాని ఫోల్డరు మొత్తాన్ని బయటి డిస్కులోకి కాపీ చేయండి. డిస్కు ఫైలును వేరే చోట పెట్టి ఉంటే దాన్నీ కలుపుకోండి. ఓవీఏగా (మెషీన్‌ను సర్దిపెట్టే ఒకే ఫైలు) ఎగుమతి చేసినా సరే. అయితే అందులో ప్రస్తుత స్థితి మాత్రమే వస్తుంది, స్నాప్‌షాట్లు రావు.