మనవాడే కదా, తర్వాత ఇద్దాంలే

పోయిన డిసెంబరులో అమెరికా నుంచి కావలి వెళ్తే మా అక్క మొదటి రోజే అందుకుంది. "రేత్రంతా మేలుకోనుంటాడు, పగలు పదయినా లేవడు. పిల్లోడు ఏం ఉద్యోగం అని సంబంధం వాళ్ళు అడిగితే ఏం చెప్పేదిరా?"

వాడంటే నా మేనల్లుడు. బెంగళూరులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, మానేసి వచ్చి, మిద్దె మీద గదిలో కూర్చుని వెబ్‌సైట్లు చేస్తున్నాడు. ఫ్రీలాన్సర్, అంటే నెల జీతానికి కాకుండా పనికింతని చేసేవాడు.

"బావ చేసిందేంది మరి?" అన్నాను. జువ్వలదిన్నె వైపు రొయ్యల గుంటలు ఆయనవి. ఏ నెలా జీతం ఎరగడు. మేత అప్పు తేవడం, కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకు డీజిల్ పోయడం, వైట్ స్పాట్ తెగులు రాకూడదని మొక్కుకోవడం, పట్టుబడి రోజున కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నదాన్ని బట్టి, వచ్చినంత తీసుకోవడం. 2025లో అమెరికా సుంకాలు అనగానే గుంట గట్టు మీద రేటు పడిపోయింది. రొయ్య, పొగాకు, వెంకటగిరి మగ్గం... పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒకటో తారీఖు జీతం లేకుండా గడిచిన ఇళ్ళు ఎన్ని లేవు? గుంటలున్నాయంటే సంబంధాలొస్తాయి, లాప్‌టాప్ ఉందంటే రావు.

"గుంటయితే కంటికి కనపడతది కదరా" అంది అక్క. దానికి నా దగ్గర జవాబు లేదు.

వాడికి సుఖాలు లేకపోలేదు. బెంగళూరు అద్దె లేదు, ట్రాఫిక్ లేదు. బావకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఎవరినీ సెలవు అడక్కుండా నెల్లూరు ఆసుపత్రిలో ఇరవై రోజులు పక్కనే ఉన్నాడు. ఇక్కడున్న నేను ఫోన్లో పలకరించాను, అంతే. పన్నులోనూ వెసులుబాటుంది: ఏడాది రాబడి 75 లక్షల లోపు ఉండి, అందులో నగదు 5 శాతం దాటకపోతే, సగాన్ని లాభంగా చూపితే సరిపోతుంది.

కష్టాలూ తెలిసినవే. పీఎఫ్, గ్రాట్యుటీ ఉండవు. ఇన్సూరెన్స్ సొంత డబ్బుతో కట్టుకోవాలి. జ్వరమొస్తే ఆ వారం రాబడి సున్నా. ఇంటి లోనుకు వెళ్తే బ్యాంకు రెండు మూడేళ్ళ రిటర్నులు తెమ్మంటుంది. చలికాలంలో అమెరికా ఈస్ట్‌కోస్ట్‌కూ కావలికీ పదిన్నర గంటల తేడా, వాడి క్లయింట్లు ఇక్కడివాళ్ళు, అందుకే ఆ రాత్రి జాగారం. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళం సొంతంగా ఇలాంటి పని పట్టుకోవడానికి వీల్లేదు కాబట్టి ఈ బాధ మనలో చాలామందికి తెలియదు. 2015 నుంచి హెచ్-4 ఈఏడీతో, అంటే హెచ్-1బీ వాళ్ళ భార్యాభర్తలకిచ్చే పని అనుమతితో, సొంతంగా పని చేసుకుంటున్న ఆడవాళ్ళను అడగండి, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను యజమాని కట్టాల్సిన వాటా కూడా కలిపి 15.3 శాతం తామే కట్టుకోవడం ఎలా ఉంటుందో చెప్తారు.

ఇవన్నీ తట్టుకోవచ్చు. చేసిన పనికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే ఫ్రీలాన్సర్‌ను ముంచేది అని నా అభిప్రాయం. వాడి టేబుల్ మీద ఒక పాత డైరీ ఉంది. వెనక పేజీలో "రావలసినవి" అని రాసి కింద గీత కొట్టాడు. వచ్చినవాటికి టిక్కు. టిక్కు లేనివి ఆరు. నాలుగో వరుసలో ఇక్కడి మా తెలుగు సంఘం పేరు, ఆగస్టు, 18 వేలు.

ఉగాది సంచికకు అట్టలూ వెబ్‌సైటూ వాడిచేత చేయించింది నేనే. బిల్లు వచ్చినప్పుడు "కమిటీలో పెట్టి పంపిస్తాంలే" అన్నదీ నేనే. 18 వేలంటే మేం నలుగురం ఒక పూట రెస్టారెంట్‌లో తినే బిల్లు. పైగా బేరమాడాం, మూడుసార్లు రంగులు మార్పించాం. అమెరికన్ డిజైనరుకైతే పదిహేను రోజుల్లో కట్టే మనమే, కావలి కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి "మనవాడే కదా" అంటాం.

"అడగొచ్చు కదరా?" అన్నాను.

"నిన్నెట్టా అడగమంటావు మామా? అమ్మకు తెలిస్తే ఊరుకుంటదా?"

అక్కడే ఫోన్ తీసి పంపాను. వాడు డైరీ తెరిచి నాలుగో వరుసకు టిక్కు పెట్టి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఈసారి సంచికకు కొటేషన్ అడిగితే మొదటి లైనే "సగం ముందు" అని పంపాడు. కమిటీ గ్రూపులో ఒకాయన "అయినవాళ్ళ దగ్గర కూడా ఇదేంది?" అని మెసేజ్ పెట్టాడు. ఆ సగం మాత్రం అప్పటికే పంపేశాను.