బేరూత్ స్టేడియంలోని ఖాళీ కుర్చీ గారికి

గౌరవనీయులైన ఖాళీ కుర్చీ గారికి,
కమీల్ షమూన్ స్పోర్ట్స్ సిటీ స్టేడియం, బేరూత్, లెబనాన్.

నమస్కారాలు.

నెజ్మే ఫుట్‌బాల్ క్లబ్ చరిత్ర రాసేవాళ్లు ఆటగాళ్ల పేర్లు రాస్తారు, కప్పులు లెక్కపెడతారు, అధ్యక్షుల ఫొటోలు వేస్తారు. మీ ఊసు మాత్రం ఎత్తరు. ఇది ఘోరమైన అన్యాయం. ఆ క్లబ్ అభిమానుల్లో నినాదం చెయ్యకుండా, రాయి విసరకుండా, ఏ నాయకుడి మనసూ నొప్పించకుండా ఏళ్ల తరబడి మ్యాచ్‌లు చూసింది మీ జాతి ఒక్కటే. అందుకే ఈ సన్మాన పత్రం. శాలువా విడిగా పంపిస్తాను.

మీ పూర్వీకులు మీలా బుద్ధిమంతులు కారని వినికిడి. 1945లో నగరంలోని రాస్ బేరూత్ పేటలో పుట్టిన నెజ్మే 1973లో మొదటిసారి లీగ్ గెలిచింది. 1975 ఏప్రిల్ 6న ఆ జట్టు జెర్సీ వేసుకుని పెలే మైదానంలోకి దిగాడు. అవును, ఆ పెలేనే! ఫ్రెంచ్ యూనివర్సిటీల జట్టుతో ఒకే ఒక్క ఫ్రెండ్లీ మ్యాచ్, మీ స్టేడియంలోనే. వేలాది మంది వచ్చిపడ్డారు. బంతి పెలే కాళ్ల దగ్గరున్నప్పుడు పక్కవాడు ఏ మతంవాడని అడిగే తీరిక ఎవరికుంటుంది చెప్పండి? అదే అసలు ప్రమాదం. సరిగ్గా వారం తిరిగేసరికి, ఏప్రిల్ 13న, బేరూత్ శివారు ఐన్ ఎల్ రుమ్మానేలో ఒక బస్సు మీద కాల్పులు జరిగాయి. అక్కడ మొదలైన అంతర్యుద్ధం పదిహేనేళ్లు నడిచింది. పక్కవాడి మతం అడగడానికి ఇక అందరికీ బోలెడంత తీరిక.

ఆ మధ్యలో 1982లో ఇజ్రాయెల్ బాంబులు వేసి స్టేడియాన్నే నేలమట్టం చేసింది. 1997లో మళ్లీ కట్టారు. 2000 ఆసియా కప్‌లో లెబనాన్ జట్టు ఇరాన్ చేతిలో 4-0తో ఓడిపోవడం చూసే భాగ్యం మీకు అలా దక్కింది. యుద్ధం ముగియకముందే లీగ్ మళ్లీ మొదలైతే నెజ్మే ప్రత్యర్థి అన్సార్ క్లబ్ 1988 నుంచి 1999 దాకా వరసగా 11 టైటిళ్లు కొట్టి గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. నెజ్మేవాళ్లకి ఆ కాలం గురించి గుర్తుచెయ్యకండి, బాధపడతారు.

ఇక్కడో మాట చెప్పాలి. లెబనాన్‌లో క్లబ్ అంటే ఆట ఒక్కటే కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. సఫా క్లబ్ అంటే ద్రూజ్ మతవర్గానిది, హోమెనెత్‌మెన్ అంటే ఆర్మీనియన్లది, హిక్మే అంటే మారొనైట్ క్రైస్తవులది, అన్సార్ అంటే సున్నీ ముస్లింలది, అహెద్ అంటే షియాల సాయుధ పార్టీ హిజ్బుల్లా వైపు. ఎవరి వాటా వాళ్లకుంది. చిక్కంతా నెజ్మేతోనే. దాని అభిమానుల్లో అన్ని రకాలవాళ్లూ ఉన్నారు. ఇంతమంది ఒకేచోట దొరికితే నాయకులు ఊరుకుంటారా? అన్సార్‌కి అండగా ఉన్న, ప్రధానిగా చేసిన రఫీక్ హరీరీ కుటుంబం సొమ్ము తర్వాత నెజ్మేకీ అందింది. ఈ రెండు జట్ల డెర్బీలో ఎవరు గెలిచినా పోషకుడు ఓడిపోడన్నమాట. ఈ తెలివికి నేను మనస్ఫూర్తిగా దండం పెడుతున్నాను.

2005 ఫిబ్రవరిలో మాజీ ప్రధాని రఫీక్ హరీరీ హత్య జరిగింది. దేశం రెండుగా చీలింది, గ్యాలరీలూ చీలాయి. ప్రభుత్వం తల పట్టుకుంది. నాయకుల నోళ్లు మూయించడం కుదరదు. క్లబ్బుల వెనకున్న పార్టీలను తప్పించడం అసలే కుదరదు. మిగిలిందెవరు? టికెట్ కొనుక్కుని వచ్చేవాడు. వాణ్ణి అసలు స్టేడియానికే రావొద్దన్నారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టడం మనకి సామెత, అక్కడ ప్రభుత్వ ఉత్తర్వు. 2011 దాకా అదే నడిచింది.

అదే మీ స్వర్ణయుగం! 2009లో నెజ్మే ఛాంపియన్ అయింది మీ జాతివారి సమక్షంలోనే. గోల్ పడితే వినిపించేది ఆటగాళ్ల కేకలే. గురి తప్పిన బంతి గ్యాలరీలోకి వస్తే ఒక్కో మెట్టూ టప్ టప్‌మంటూ దిగిపోయేది, పట్టుకునే చెయ్యి లేక. జనం లేకపోతే టికెట్ డబ్బులు లేవు, అవి లేకపోతే జీతాలు లేవు. అప్పుడు క్లబ్బు ఎవరి గుమ్మం తొక్కాలి? మళ్లీ ఆ నాయకులదే. అంటే రాజకీయం గ్యాలరీలోకి రాకుండా నిషేధం పెట్టి, ఆఫీసు గదిలో దానికి సోఫా వేశారు. కుర్చీలై ఉండి మీరైనా అసూయపడలేదా?

మీ బహుముఖ ప్రజ్ఞ గురించి చెప్పకపోతే ఈ పత్రం పూర్తి కాదు. 2020లో బేరూత్ రేవు పేలిపోయాక, ఇరాక్ దానంగా పంపిన గోధుమపిండి బస్తాలను మీ గ్యాలరీ కిందే పేర్చారు. వాన పడింది, బస్తాలు తడిశాయి. ఆకలితో ఉన్న దేశం ఆ ఫొటోలు చూసి మండిపడింది. పాపం, మీ తప్పేముంది? ఫుట్‌బాల్ చూడాల్సినవాళ్లకి గోదాము డ్యూటీ వేస్తే ఇంతే.

2025 ఫిబ్రవరిలో మాత్రం మీరు కిక్కిరిసిపోయారు. హిజ్బుల్లా నేత నస్రల్లా అంత్యక్రియలు మరి. మీరు చాలక మైదానంలో కూడా కుర్చీలు వేశారు. జనం ఎక్కువైతే గొడవలవుతాయి, గేట్లు మూసెయ్యండి అని ఆ రోజు ఎవరికీ తట్టలేదు. ఆ భయం ఫుట్‌బాల్‌కే పరిమితం అనుకుంటాను.

నెజ్మే తొమ్మిదోసారి కూడా లీగ్ గెలిచింది, మీకు కబురందిందో లేదో. శాలువాతో పాటు ఒక దరఖాస్తు ఫారం కూడా పెడుతున్నాను. ఫుట్‌బాల్ ఫెడరేషన్ కమిటీలో సీటు ఖాళీ అయితే మీరు తప్పకుండా నిలబడండి, అనుభవం దండిగా ఉంది. ఒక్క జాగ్రత్త. అక్కడ సీట్లు పంచేది కూడా మత వర్గాల లెక్కనే. ఆ కాలమ్‌లో నిజాయతీగా ప్లాస్టిక్ అని రాసేరు, గుర్తింపు ఉన్న 18 వర్గాల్లో అది లేదు. ముందే ఒక నాయకుణ్ణి చూసుకోండి.

ఇట్లు,
టీవీలో మ్యాచ్ పెట్టుకుని సోఫాలో కూర్చున్న ఒక నిరపాయకరమైన అభిమాని