ముగ్గురు కూర్చుంటే బోర్డా?

సికింద్రాబాద్ కంటోన్మెంట్ (మున్సిపాలిటీ బదులు రక్షణ శాఖ కింద ఒక బోర్డు పాలించే ప్రాంతం) ప్రజలు తమ వార్డు మెంబర్లను ఎన్నుకోవడానికి చివరిసారి క్యూ కట్టింది 2015 జనవరి 11న, సంక్రాంతి హడావుడి మధ్య. ఆ తర్వాత ఎన్ని సంక్రాంతులు వచ్చి వెళ్లాయో చెప్పక్కర్లేదు. ఆనాడు గెలిచిన ఎనిమిది మంది అయిదేళ్ల గడువు 2020 ఫిబ్రవరిలో ముగిసింది. ఆరు నెలలు పొడిగించారు, మళ్లీ ఆరు నెలలు పొడిగించారు. 2021 ఫిబ్రవరిలో వాళ్లను ఇంటికి పంపి, ముగ్గురితో ఒక ఏర్పాటు చేశారు. దాన్ని ఇప్పటికీ పొడిగిస్తూనే ఉన్నారు. పొడిగింపు గెజిట్ ఇప్పుడు ఏటా వచ్చే పండగలా తయారైంది. కాకపోతే ఈ పండగకు జనాన్ని పిలవరు.

2011 లెక్కల ప్రకారమే కంటోన్మెంట్ జనాభా 2 లక్షల 17 వేల పైచిలుకు. బోయిన్‌పల్లి, రసూల్‌పుర, కార్ఖానా, మారేడ్‌పల్లి, పికెట్, తిరుమలగిరి, బొల్లారం... ఇదేమీ ముళ్లకంచె వెనకున్న సైనిక శిబిరం కాదు. పన్ను కడుతున్న నగరం. ఆ పన్ను ఎంతుండాలి, ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి అన్నది తేల్చే కుర్చీలు ఇప్పుడు మూడే. ఒకటి స్టేషన్ కమాండర్‌ది, అంటే ఇక్కడి సైన్యానికి పెద్ద అయిన బ్రిగేడియర్‌ది, ఆయనే అధ్యక్షుడు. రెండోది బోర్డు సీఈఓది, ఆయన రక్షణ భూములు చూసే డిఫెన్స్ ఎస్టేట్స్ అధికారి. మూడోది పౌరుల తరఫున కేంద్రం నామినేట్ చేసే ఒకే ఒక్క సభ్యుడిది. అంటే పాలించేవాళ్లే ప్రజల ప్రతినిధిని కూడా ఎంపిక చేసి పెడుతున్నారు! ఆ కుర్చీ కేంద్రంలో అధికారంలో ఉన్న పార్టీ వారికే దక్కుతోందని స్థానికులు ఎత్తిపొడిస్తే తప్పు పట్టగలమా?

అసలు బోర్డు ఇలా ఉండదు. 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ప్రకారం 50 వేలు దాటిన జనాభా ఉన్న చోట సగం మంది ఎన్నికైనవాళ్లు, సగం మంది అధికారులు, సైనికాధికారులు ఉండాలి. సికింద్రాబాద్‌లో అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. అధ్యక్ష స్థానం ఎలాగూ సైన్యానిదే కాబట్టి అదీ పూర్తి ప్రజాస్వామ్యమేమీ కాదు. అయినా మీటింగులో గొంతెత్తి అడిగేవాళ్లు ఎనిమిది మంది ఉండేవారు. ఉపాధ్యక్షుడు వాళ్లలో ఒకరయ్యేవాడు. ఇప్పుడు ముగ్గురిలో ఇద్దరు అధికారులు. మూడో వ్యక్తి ఎంత నిజాయితీపరుడైనా ఇద్దరు చేతులెత్తితే తీర్మానం పాసవుతుంది. ఎంపీ, ఎమ్మెల్యే ప్రత్యేక ఆహ్వానితులుగా రావచ్చని చట్టం అంటుంది గానీ వాళ్లకు ఓటు లేదు. వచ్చి కూర్చుని, టీ తాగి వెళ్లొచ్చు.

ఓటు పోతే ఏం పోయిందనుకునే వాళ్లు వానాకాలంలో ఒక్క రోజు పికెట్ నాలా పక్క కాలనీలకు వెళ్లి చూడాలి. వార్డు మెంబరు ఉన్న రోజుల్లో మ్యాన్‌హోల్ పొంగితే పొద్దున్న ఆరింటికే ఆయన గేటు ముందు నలుగురు నిలబడేవారు. బ్రష్ నోట్లో పెట్టుకునే ఆయన శానిటరీ సూపర్‌వైజర్‌కి ఫోన్ కొట్టేవాడు. పని అయ్యేదా, కాలేదా అన్నది వేరే సంగతి. తిట్టడానికి ఒక మనిషి, తట్టడానికి ఒక తలుపు ఉండేవి. అయిదేళ్లకోసారి ఆయనే మన తలుపు తట్టాల్సి వస్తుందన్న భయం ఆయనకూ ఉండేది. బ్రిగేడియర్ గేటు తట్టగలమా? రెండు మూడేళ్లకు బదిలీపై వెళ్లిపోయే సీఈఓకు ఆ భయం ఎందుకుంటుంది? ఆ అధికారులు చెడ్డవాళ్లని మేము అనడం లేదు. వాళ్లను జవాబు అడిగే హక్కు జనానికి లేదంటున్నాం, అంతే.

కేంద్రం వాదన తెలియనిది కాదు. సివిల్ ప్రాంతాలను ఎలాగూ పక్కనున్న మున్సిపాలిటీల్లో కలిపేస్తున్నాం, ఈలోగా ఎన్నికలు పెట్టి కొత్త పాలకమండలిని తెచ్చి ఏడాదికే రద్దు చేయడం దేనికి, ఖర్చు దండగ అంటోంది. వినడానికి బాగానే ఉంది.

కానీ ఆ ‘ఈలోగా’ ఎన్నాళ్లు? 2023 ఫిబ్రవరి 17న ఇదే రక్షణ శాఖ దేశంలోని 57 కంటోన్మెంట్లకు ఏప్రిల్ 30న ఎన్నికలని నోటిఫికేషన్ ఇచ్చింది. సరిగ్గా నెలకే మార్చి 17న దాన్ని వెనక్కి తీసుకుంది. పోలింగ్ 44 రోజుల్లో ఉందనగా! అప్పటికే గల్లీల్లో పోటీదారుల తిరుగుళ్లు మొదలయ్యాయి, టికెట్ల కోసం పైరవీలు నడుస్తున్నాయి. అన్నీ ఆగిపోయాయి. విలీనం ఉందని చెప్పారు. ఏప్రిల్ చివర్లో హిమాచల్ ప్రదేశ్‌లోని ఖాస్ యోల్‌ను కంటోన్మెంట్ జాబితా నుంచి తీసేసి చూపించారు. సికింద్రాబాద్ వంతు వచ్చేసరికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నామన్నారు, కమిటీలన్నారు, మార్గదర్శకాలన్నారు. విలీనం పేరు చెప్పి ఎన్నికలు ఆపారు సరే, ఆ విలీనమైనా చేశారా? పెళ్లి కుదురుతోందని చదువు మాన్పించి, పెళ్లీ చేయకుండా ఇంట్లో కూర్చోబెట్టినట్టుంది వ్యవహారం.

మా ఆందోళన ఒక్క సికింద్రాబాద్ గురించే కాదు, ఈ అలవాటు గురించి. చట్టంలోని 13వ సెక్షన్ బోర్డు స్వరూపాన్ని మార్చే అధికారం కేంద్రానికి ఇచ్చిన మాట నిజం. సైనిక కార్యకలాపాల వల్లో, పాలన అవసరాల వల్లో తప్పనప్పుడు వాడమని ఇచ్చింది. ఆ ఏర్పాటు మామూలుగా ఏడాదికి మించరాదని అదే సెక్షన్ చెబుతోంది. కారణం తీరిపోతే వెంటనే ముగించాలనీ చెబుతోంది. పొడిగించుకునే వీలు కూడా ఇచ్చింది గానీ ఒక్కోసారి ఏడాదికి మించకుండా. ఆ చిన్న వీలునే పట్టుకుని ఏళ్లకు ఏళ్లు లాగుతున్నారు. కిటికీ తెరిచి ఉందని తలుపు గోడ కట్టి మూసేశారు. ఇవాళ కంటోన్మెంట్లలో చెల్లింది రేపు ఇంకోచోట చెల్లదని హామీ ఏముంది? ఒకసారి ‘ఈ ఒక్కసారికి’ అన్నాక, రెండోసారికి వేరే కారణం కూడా వెతకనక్కర్లేదు. పాత ఫైలే చాలు.

ఇంకో విడ్డూరం చూడండి. కేంద్ర నిధులు అందుకోవడానికి, కేంద్ర పథకాలు అమలు చేయడానికి కంటోన్మెంట్ బోర్డును రాజ్యాంగంలోని 243పి అధికరణ కింద మున్సిపాలిటీగానే భావించాలని 2006 చట్టం 10వ సెక్షన్‌లో రాసుకున్నారు. మున్సిపాలిటీ గడువు ముగిసేలోగా ఎన్నికలు జరిగి తీరాలని, మధ్యలో రద్దయితే ఆరు నెలల్లో జరపాలని అదే రాజ్యాంగం 243యు అధికరణ చెబుతోంది. కానీ అది కంటోన్మెంట్లకు వర్తించదట! అవి కేంద్ర జాబితాలోని అంశమట! న్యాయవాదులు కోర్టులో ఈ తేడాను సమర్థించుకోగలరేమో. కార్ఖానాలో ఇంటి పన్ను కట్టే మనిషికి మాత్రం దీని అర్థం ఒక్కటే. పైసల దగ్గర మున్సిపాలిటీ, ఓటు దగ్గర కంటోన్మెంట్.

పోనీ ఇక్కడ ఎన్నికలు జరపడమే కష్టమా అంటే, 2024 మే 13న ఇదే కంటోన్మెంట్‌లో ఒకే రోజు లోక్‌సభ ఎన్నికా, అసెంబ్లీ ఉప ఎన్నికా జరిగాయి. ఇవే స్కూళ్లు, ఇవే బూత్‌లు, ఇదే జనం. దేశ ప్రధాని ఎవరుండాలో తేల్చడానికి పనికొచ్చిన ఓటరు, తన వీధి దీపం సంగతి ఎవరు చూడాలో తేల్చడానికి పనికిరాకుండా పోయాడు. సంవత్సరానికోసారి రాష్ట్రపతి వచ్చి బస చేసే రాష్ట్రపతి నిలయం కూడా ఈ కంటోన్మెంట్‌లోని బొల్లారంలోనే ఉంది. రాజ్యాంగాధినేత విడిది ఉన్న వార్డుకు మెంబరు లేడు.

విలీనమే మంచిదని మేమూ అంటాం. రెండు వందల ఏళ్ల కిందట గుర్రపు బండ్ల కాలంలో గీసిన గీత ఇవాళ మహానగరం నడిబొడ్డున ఉండటానికి అర్థం లేదు. రోడ్డుకు అటు వైపు అంతస్తులకు ఒక రూలు, ఇటు వైపు ఇంకో రూలు. సైన్యం తన ఏఓసీ (ఆయుధ సరఫరా విభాగం) ప్రాంతంలోని రోడ్లు మూసినప్పుడల్లా వేల మంది చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చిన సంగతి మర్చిపోలేం. కానీ విలీనానికి ముందే తేలాల్సిన లెక్కలు బోలెడున్నాయి. బోర్డు ఉద్యోగుల జీతాలు, పెన్షన్లు ఎవరి నెత్తిన? ఓల్డ్ గ్రాంట్ బంగళాలు (స్థలం సర్కారుది, కట్టడం మాత్రం ఉండేవారిది), లీజు స్థలాలు ఎవరివి? సైన్యం వాడుకున్న సేవలకు రావాల్సిన సర్వీస్ చార్జీల బకాయిలు వందల కోట్లలో ఉన్నాయంటారు, అవి వసూలవుతాయా, మాఫీ అవుతాయా? రక్షణ భూముల్లోని బస్తీల జనం పేర్లు బోర్డు ఓటర్ల జాబితా నుంచి ఇప్పటికే ఎగిరిపోయాయి, రేపు వాళ్ల ఇళ్ల సంగతేంటి? ఈ బేరం ఢిల్లీకీ హైదరాబాద్‌కూ మధ్య నడుస్తోంది. బల్లకు ఇటు పక్క కూర్చోవాల్సిన కంటోన్మెంట్ మనిషే అక్కడ లేడు. ఎలివేటెడ్ కారిడార్ల విషయంలోనూ అదే జరిగింది. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ వైపు, జూబ్లీ బస్టాండ్ నుంచి శామీర్‌పేట వైపు రెండు భారీ వంతెనలు. రక్షణ భూములు ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకుంది, 2024 మార్చిలో రాష్ట్రం శంకుస్థాపనలు చేసింది. రోడ్లు కావాలి, కాదనం. దారిలో దుకాణం పోతున్నవాడి తరఫున అడగడానికి ఎన్నికైన మెంబరు ఒక్కడూ లేడన్నదే మా బాధ.

కేంద్రాన్ని తిట్టి ఊరుకుంటే రాష్ట్రంలోని పెద్దలు చప్పట్లు కొడతారు. వాళ్లకు ఆ అవకాశం ఇవ్వం. తెలంగాణలో పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిస్తే ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. 2025 జనవరిలో గడువు తీరిన మున్సిపాలిటీలనూ ఆ చేతుల్లోనే పెట్టారు. ఇది కాంగ్రెస్ కనిపెట్టిన విద్యేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ కార్పొరేషన్‌కు 1986 తర్వాత మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో! విశాఖపట్నం 2012 నుంచి 2021 వరకు, గుంటూరు 2010 నుంచి 2021 వరకు పాలకమండలి లేకుండానే గడిపాయి. మధ్యలో తెలుగుదేశం వచ్చింది, వైసీపీ వచ్చింది, అంతకుముందు కాంగ్రెస్ ఉంది. కోర్టు కేసులన్నారు, వార్డుల విభజన అన్నారు, విలీన గ్రామాలన్నారు. ఓడిపోతామన్న టెన్షన్ ఒక్కటే ఎవరూ చెప్పలేదు. గడువులోగా ఎన్నికలు జరపడం తప్పనిసరని 2006లోనే సుప్రీంకోర్టు కిషన్‌సింగ్ తోమర్ కేసులో స్పష్టం చేసింది. ఆ తీర్పును అన్ని పార్టీలూ ప్రతిపక్షంలో ఉన్నప్పుడే చదువుతాయి.

అందుకే కంటోన్మెంట్ మీద బీఆర్ఎస్ పెట్టే కన్నీరూ, కాంగ్రెస్ రాసే లేఖలూ, బీజేపీ ఇచ్చే హామీలూ మాకు ఒకేలా కనిపిస్తున్నాయి. తమ ఇంట్లో తలుపులు మూసుకున్నవాళ్లు పక్కింటి తలుపు ఎందుకు మూశారని అడిగితే ఎవరు వింటారు? ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మల్కాజిగిరి ఎంపీగా ఈ ప్రాంతానికే ప్రాతినిధ్యం వహించారు. ఓటు లేని ఆహ్వానితుడి కుర్చీ ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడా సీటులో ఉన్న ఈటల రాజేందర్ కేంద్రంలోని అధికార పార్టీ మనిషి. రక్షణ మంత్రి తలుపు తట్టడానికి ఆయనకు అపాయింట్‌మెంట్ కష్టమా? ఇద్దరూ కలిసి ఒక్కసారి రాజ్‌నాథ్ సింగ్ దగ్గరకు వెళ్లి, విలీనానికి ఒక తేదీ రాయించుకు రావచ్చు. ఆ తేదీ చెప్పలేకపోతే బోర్డు ఎన్నికలకు తేదీ చెప్పమనవచ్చు. వెళ్తారన్న నమ్మకం మాకు లేదు. వెళ్తే ఆ క్రెడిట్ ఎవరి ఖాతాలో పడుతుందన్న లెక్క దగ్గరే ఆగిపోతారు.

2015 జనవరిలో పదిహేడేళ్లున్న కుర్రాడు అప్పుడు ఓటు వేయలేకపోయాడు. ఇప్పుడు ముప్ఫైకి దగ్గర పడ్డాడు. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఇంటి పన్ను నోటీసు తన పేరుకే వస్తోంది. వార్డు మెంబరుకు ఓటు వేయడం అంటే ఏమిటో అతనికి ఇంతవరకూ తెలియదు. రక్షణ శాఖలో మళ్లీ గడువు దగ్గరపడగానే ఎవరో ఒకరు పాత ఉత్తర్వు బయటికి తీసి, తేదీ మార్చి, సంతకానికి పైకి పంపుతారు. ఆ సంతకం పెట్టే ముందైనా పెద్దమనిషి ఎవరైనా ఈసారి ‘ఎందుకు?’ అని ఫైలు మీద ఒక్క మాట రాస్తారా? అంతపాటి సిగ్గు కూడా మిగల్లేదా?