దేవునికి పెద్దపీట

క్రైస్తవులు దేవునికి మొదటి స్థానం ఇవ్వడం లేదని మా సంఘంలో ఏటా రెండు మూడు ప్రసంగాలైనా వినబడుతుంటాయి. ఈ ఆరోపణ నిరాధారమని సవినయంగా మనవి చేయడానికే ఈ వ్యాసం. విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా ఒకసారి తిరిగి చూడండి. ఆటో అద్దం మీద మొదటి పేరు ఆయనదే. కిరాణా కొట్టు బోర్డు మీద 'యెహోవా యీరే' (దేవుడే చూసుకుంటాడు) అని రాసిన తరువాతే బియ్యం, పప్పుల ప్రస్తావన వస్తుంది. శుభలేఖలో వాక్యం పడ్డాకే వరుడి డిగ్రీలు, వాళ్ల బాబాయి గారి హోదా పడతాయి. ఇన్నిచోట్ల మొదటి వరుసలో నిలబెట్టిన తరువాత కూడా ఇంకా పెద్దపీట వేయలేదనడం అన్యాయం. రెండో వరుస నుంచి మన సొంత వ్యవహారం మొదలవుతుంది. అందులో ఆయన కలగజేసుకోడు, మనమూ ఆయనను ఇబ్బంది పెట్టం.

మా హాల్లో ఒక బోర్డు ఉంది. చాలామంది క్రైస్తవుల ఇళ్లలో ఉండేదే: క్రీస్తు ఈ ఇంటికి శిరస్సు, ప్రతి భోజనంలో కనబడని అతిథి, ప్రతి సంభాషణను మౌనంగా ఆలకించేవాడు. ఇరవై ఏళ్లుగా దానిని చూస్తున్న నాకు అర్థమైనదేమిటంటే, ఒక గృహస్థుకు ఇంతకంటే అనుకూలమైన ఒప్పందం ఎక్కడా దొరకదు. శిరస్సు ఆయనే గాని ఇంటి పన్ను రసీదు నా పేరు మీదే వస్తుంది. అతిథే గాని కనబడడు, కాబట్టి చేప తల ఎవరికి వడ్డించాలన్న తగవు రాదు. అన్నీ వింటాడు గాని మౌనంగా వింటాడు. సెలవు కోసం నేను ఫోనులో మా ఆఫీసరుకు చెప్పుకున్న జ్వరాల గురించి ఇంతవరకు పల్లెత్తు మాట అనలేదు.

ఆదివారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఆ రోజు పూర్తిగా ఆయనదే గనుక. తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం అవసరం లేకుండానే లేస్తాను. ప్రార్థనకని తొందరపడి అనుకోకండి. అది చేపల రేవుకు వెళ్లే వేళ. వంజరం వేలం ఎవరి కోసమూ ఆగదు, దేవుడు ఆగుతాడు. ఆయన దీర్ఘశాంతుడని లేఖనమే చెబుతున్నప్పుడు, ఆ గుణాన్ని నమ్ముకుని ఆయనను కాస్త వెనక్కి జరపడం విశ్వాసం అవుతుంది గాని నిర్లక్ష్యం ఎలా అవుతుంది? (శనివారం ఉదయపు ఉపవాస ప్రార్థనకు మోకాలి నొప్పి వల్ల రాలేకపోతున్నానని అయ్యగారికి ముందే చెప్పుకున్నాను. రేవులో ఆ నొప్పి రాదు, సముద్రపు గాలి మంచిది.)

ఇక కానుక. ఆ మధ్య నా దగ్గరికి ఒక పది రూపాయల నోటు చేరింది. నిలువునా చిరిగితే ఎవరో టేపు అతికించారు, ఆ టేపు పసుపుపచ్చగా మారి, అంచుల్లో దుమ్ము పట్టి, గాంధీగారి చెవిని రెండుగా చీలుస్తోంది. శనివారం బస్సు కండక్టర్ దానిని వెలుతురుకు ఎత్తి చూసి, మర్యాదగా వెనక్కి ఇచ్చేశాడు. ఆదివారం రేవులో చేపలమ్మే ఆమె ముట్టుకోనైనా లేదు. "ఇది నాకొద్దు బాబూ, మీ చర్చిలో ఏసీండి" అంది. ఆమె మా సంఘ సభ్యురాలు కాదు, అయినా మా ఆచారాలు బాగా తెలిసినట్టున్నాయి. ఇంటికి వచ్చి నోటును బైబిల్లో పెట్టబోతే, తెరుచుకున్నది మలాకీ మొదటి అధ్యాయం. గుడ్డిదానిని, కుంటిదానిని బలిగా తెచ్చేవారిని ఉద్దేశించి, అలాంటిది నీ అధికారికి ఇచ్చి చూడు, అతడు ఒప్పుకుంటాడా అని అడిగే చోటు. నేను ఆ పని అప్పటికే చేసి ఉన్నాను, అధికారి ఒప్పుకోలేదు. వాక్యం అక్షరాలా నెరవేరిందన్న సంతోషంతోనే ఆ నోటును కానుకల సంచిలో వేశాను.

మా ఆరాధన తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. పదింటికి ఏసీ తత్కాల్, పదకొండింటికి స్లీపర్ తత్కాల్ తెరుచుకుంటాయి. హైదరాబాదులో ఉద్యోగాలు చేసే పిల్లలు సోమవారం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి కాబట్టి, సరిగ్గా పదింటికి మందిరమంతటా తలలు వంగుతాయి. వేదిక మీద నుంచి ఆ దృశ్యం ఎంత భక్తిగా కనబడిందో గాని, మా పాస్టర్ గారు ఒకసారి కళ్లు తుడుచుకుని దేవునికి స్తోత్రం చెల్లించారు. ఓటీపీ కోసం ఎదురుచూసేటప్పుడు ఉండేంత ఆర్తి మా కుటుంబ ప్రార్థనలో ఎన్నడూ లేదని నేనూ ఒప్పుకుంటాను.

లూకా 14వ అధ్యాయంలో గొప్ప విందు ఉపమానం ఉంది. పిలుపు అందినవారిలో ఒకడు పొలం కొన్నాను, వెళ్లి చూడాలన్నాడు. ఒకడు ఐదు జతల ఎడ్లను పరీక్షించాలన్నాడు. ఒకడు పెళ్లి చేసుకున్నానన్నాడు. వీటిని సాకులంటూ తేలిగ్గా తీసిపారేయడం బోధకులకు అలవాటు. కాని భోగాపురం విమానాశ్రయం మాట పుట్టిన దగ్గర నుంచి, ఆ మొదటివాడి అవస్థ విశాఖవాసులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. స్థలాలు అమ్మేవారు సైటు చూపించేది ఆదివారమే. కారు వారిదే, భోజనం వారిదే. నేను రెండుసార్లు వెళ్లాను. తాటిచెట్ల మధ్య సున్నపు గీతలు, రంగు వెలిసిన జెండాలు, షామియానా కింద బిర్యానీ. అక్కడ మా సంఘ పెద్దలు ఇద్దరు ఎదురయ్యారు. "వందనాలండీ" అనుకున్నాం, ఆ పలకరింపులో ఉన్న ఐక్యత మందిరంలో నాకు ఎన్నడూ తగల్లేదు. ఒక పెద్దాయన ఈశాన్యం మూల ప్లాటే కావాలని పట్టుబట్టారు. వాస్తు మీద నమ్మకంతో కాదట, రేపు అమ్మేటప్పుడు ధర పలుకుతుందట.

ప్రాధాన్యాలు తెలియని మనుషులు ఈ ఊరికి పూర్వం వచ్చిన మాట నిజమే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం చేరి, తెలుగు నేర్చుకుని, సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. ఒకరు 1809లో, మరొకరు 1810లో కన్నుమూశారు. తెలుగు కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయ్యేసరికి ఇద్దరూ లేరు. సముద్రానికి ఎదురుగా అంత నేల ఖాళీగా పడి ఉంటే, వీరు క్రియాపదాల వెంట తిరిగారు. 'ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి' అన్న మత్తయి 6:33ను వారు మరీ ముఖవిలువకే తీసుకున్నట్టున్నారు. మొదట వెదకమన్నారు గాని, ఎంతసేపు వెదకాలో అందులో లేదు. నేను రోజూ పళ్లు తోముకునేలోపు వెదుకుతాను. వచనం రెండో సగంలో అనుగ్రహింపబడతాయన్న 'అవన్నియు' జాబితా మాత్రం వివరంగా రాసి ఉంచాను.

2025 మార్చి 30, ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలమైన లెంటు దినాల్లో నాలుగో ఆదివారం, మధురవాడ స్టేడియంలో ఢిల్లీ, హైదరాబాద్ జట్ల ఐపీఎల్ మ్యాచ్ మధ్యాహ్నం మూడున్నరకు. టికెట్లు దొరక్క మా అబ్బాయి ముందురోజు యాభై అయిదు అంగుళాల టీవీ తెచ్చాడు. అది పట్టే గోడ మా హాల్లో ఒక్కటే, బోర్డు ఉన్న గోడ. బోర్డు తీసి వీధి గుమ్మం పైన మేకు కొట్టి తగిలించాం. మునుపటి కంటే రెండడుగులు పైకే వెళ్లింది కాబట్టి స్థానం తగ్గిందనడానికి వీల్లేదు. సోఫాలో కూర్చున్న మా అమ్మ టీవీ వైపు, గుమ్మం వైపు మార్చి మార్చి చూసింది.

"ఆయన్నేటిరా, గుమ్మం కాడ నిలబెట్టీసినావు?" అంది.

టాస్ వేస్తున్నారు, తరువాత చెబుతానన్నాను.