మారీచుడికి రిమోట్ లేదు పాపం

అరణ్యవాసం కథలో నాకు జాలి కలిగేది మారీచుడి మీద. బంగారు లేడిగా తళుకులీనిందీ ఆయనే, బాణం తగిలాక రాముడి గొంతుతో ‘హా సీతా, హా లక్ష్మణా’ అని అరిచిందీ ఆయనే. రెండు డ్యూటీలూ ఒక్కడి నెత్తిన పడ్డాయి, పైగా ప్రాణం పోయింది. అదే టెక్సాస్‌లో అయితే ఈ పనులకి రెండు వేర్వేరు మెషిన్లున్నాయి. చస్తే బ్యాటరీ చస్తుంది, అంతే.

మా ఆఫీసులో ఒక పెద్దమనిషి శనివారాలు కొయోటీల వేటకి వెళ్తాడు. కొయోటీ అంటే మన నక్కకి అన్న, తోడేలుకి తమ్ముడు అనుకోండి. టెక్సాస్‌లో దాని వేటకి సీజన్ అంటూ లేదు, ఏడాది పొడవునా సీజనే. వెనకటి వేటగాళ్లు నోటితో ఊదే చిన్న పీకలోంచి కుందేలు ఏడుపు తెప్పించేవారు. బుగ్గలు నొప్పెట్టేవి. మనిషికి ఇంత కష్టమెందుకని ఎలక్ట్రానిక్ కాలర్, అంటే కూతలు పెట్టే యంత్రం, వచ్చింది. స్పీకరు పొదలో, రిమోట్ చేతిలో. మెనూలో గాయపడ్డ కుందేలు, కిచకిచమనే ఎలుక, వడ్రంగిపిట్ట గోల, జింకపిల్ల ఆక్రందన, కొయోటీ కూన ఏడుపు. ఇంట్లో సొంత మనవడు ఏడిస్తే పేపరు దించని మనిషి, ఈ ఏడుపుల్లో నాణ్యత గురించి నాకు అరగంట చెప్పాడు.

స్పీకరు పక్కనే దీమం. మన పాత వేటగాళ్ల మాటే, వీళ్లు డెకాయ్ అంటారు. తీగ చివర బొచ్చు కుచ్చు, మోటారు తిరిగితే గిలగిలా కొట్టుకుంటుంది. జంతువు చూపు దాని మీద ఉంటే వేటగాడి మీద పడదు. చూపు, వినికిడి రెండింటినీ ఇలా కొనేశారు గానీ ముక్కు మాత్రం మిగిలిపోయింది. కొయోటీ తిన్నగా రాదు, చుట్టు తిరిగి గాలివాలుకి చేరి వాసన చూస్తుంది. అందుకే సెంటు కొట్టుకోవద్దు, వాసన సబ్బు వాడొద్దు అని నాకు గట్టి ఆర్డర్. పాటించాను. పులిహోర గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

తెల్లవారకముందే ముళ్లపొదల మధ్య కూర్చున్నాం. బటన్ నొక్కగానే లేని కుందేలు గుండెలు పగిలేలా ఏడ్చింది. అయిదు నిమిషాలకి ఒక గుడ్లగూబ వచ్చి దీమాన్ని తన్ని, కుచ్చులో సగం పీక్కుపోయింది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆకలేసి డబ్బా మూత కొద్దిగా తీశాను. ఇంగువ ఘుమఘుమ. ఎందుకో వెనక్కి తిరిగితే, వంద గజాల దూరంలో, సరిగ్గా గాలివాలున, కొయోటీ నిలబడి ఉంది. స్పీకరు వైపు కాదు, మా వైపే చూస్తోంది. ముక్కు ఒకసారి ఎత్తింది. మాయమైంది.

“చదువుకున్న కొయోటీ” అన్నాడాయన నీరసంగా. ఒకసారి మోసపోయి బతికి బయటపడ్డ జంతువు ఆ కూతని మళ్లీ నమ్మదట, వేటగాళ్లు దాన్ని అలాగే పిలుస్తారు. అప్పుడు నాకు అసలు సంగతి వెలిగింది. ఇది వేట కాదు, విద్యాదానం. ఫీజు వేటగాడిది, చదువు కొయోటీది. మన కార్పొరేట్ కాలేజీల్లో కూడా ఇంత ఖర్చు పెట్టి ఇంత మంచి రిజల్ట్స్ చూడలేదు.

బాతులకి ఈ భాగ్యం లేదు. రికార్డు చేసిన కూతతో బాతుల్ని పిలిస్తే అమెరికాలో ఫెడరల్ నేరం. కొయోటీకి అలాంటి అడ్డు లేదు. ప్రభుత్వమే ఏటా సుమారు 60 వేల కొయోటీలని చంపిస్తుంది. విషాలు, బోనులు, తుపాకులు, వందేళ్లకి పైగా అన్నీ అయ్యాయి. ఒకప్పుడు ఎక్కువగా పడమటి, నడిమి ప్రాంతాలకే పరిమితమైన ఆ ప్రాణి ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. మంద పలచబడితే మిగిలిన ఆడవి ఇంకా ఎక్కువ పిల్లల్ని పెడతాయట. అంటే కొత్త అడ్మిషన్లు.

తిరుగు దారిలో కారు నేను నడిపాను. పక్క సీట్లో ఆయన ఫోన్‌లో కొత్త కూతల ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకుంటూ, రెండో చేత్తో నా పులిహోర ఖాళీ చేశాడు.